గుటక వెయ్యని మనిషి

ఆయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను రైస్ కుక్కర్ కడుగుతున్నాను. క్యాంపులోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. పాస్‌పోర్టు కోసం దిగిన పాత ఫోటో, దాని చుట్టూ ఎవరో ఫోన్లోనే బంతిపూల దండ అతికించారు. కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. నేనూ ఒక జత చేతులు పెట్టి మళ్లీ కుక్కర్ కడగడంలో పడ్డాను. ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే ఒక సాక్షి తగ్గాడని కాస్త తేలికగానే అనిపించింది.

ఆ కుక్కర్ ఆయనదే. వెళ్లిపోతూ నాకు వదిలి వెళ్లాడు. లోపలి గిన్నెకు గీత పడుతుందని పీచు వాడనిచ్చేవాడు కాదు, సబ్బయితే అసలే ముట్టనిచ్చేవాడు కాదు. వేణ్ణీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే. ఆయన ఇంటికి పోయి ఏడాదిన్నర దాటినా నేను దాన్ని అలాగే కడుగుతున్నాను. ఇందులో భక్తి ఏమీ లేదు, చేతికి అలవాటయిపోయింది.

నిన్న ఆయన భార్య వాయిస్ మెసేజ్ పెట్టింది. శుక్రవారం నాకు సెలవని ఎవరో చెప్పారట, ఇవాళ నాలుగింటికి ఫోన్ చేస్తుందట, ఒక్క మాట అడగాలట. ఏం అడుగుతుందో నాకు తెలుసు. ఇంకా రెండు గంటలుంది. ఈలోగా ఆయన ఎలాంటివాడో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

పేరు రాయను. క్యాంపులో కూడా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ అన్నే. ఆయన మాత్రం నన్ను మూడు పేర్లతో పిలిచాడు. మొదట ఆంధ్రా అన్నాడు, తర్వాత సబ్బు అన్నాడు, చివరికి సార్ అన్నాడు. ఆ మూడో పిలుపు నేనే అనిపించుకున్నాను.

మా క్యాంపు గల్ఫ్‌లో, బిర్కత్ అల్ అవామిర్ అనే చోట. నాది కోనసీమ, ఇక్కడ స్టోర్ కీపర్‌ని. హెల్మెట్లు, బెల్టులు, చేతి తొడుగులు, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు అన్నీ నా తాళంచెవి కిందే. ఆయన స్కాఫోల్డర్, అంటే భవనం చుట్టూ ఇనప గొట్టాలతో మంచెలు కట్టే మనిషి. నిర్మల్ వైపు ఊరు. అక్కడ తాటిచెట్లెక్కి కల్లు గీశాడు, ఇక్కడ గొట్టాలెక్కాడు. పొట్టి మనిషి, దొడ్డికాళ్లు, రొమ్ము మీద చెట్టును కరుచుకుని కరుచుకుని కాసిన రెండు నల్లటి కాయలు. నవ్వడం రాని మనిషనుకోకండి. బాగానే నవ్వేవాడు, ఎదుటివాడు జారిపడ్డప్పుడు.

ఆయన బీరు చేసేవాడు. సారా కాదు. ఆ రెంటికీ తేడా తెలియనివాణ్ణి మనిషిగా లెక్కవేసేవాడు కాదు. "సారాకు మంటుంటె సాలు. బీరుకు మనిషి కావాలె" అనేవాడు. ఈ దేశంలో మాబోటివాళ్లకు అది నేరం. పట్టుబడితే జైలు, ఆ తర్వాత విమానం. అయినా శుక్రవారం వచ్చేసరికి పదకొండుమంది తెలుగువాళ్లం నా స్టోర్ వెనకగదిలో చేరేవాళ్లం. జిగురు డబ్బాలు చెడిపోకుండా ఆ గదిలో రోజంతా ఏసీ ఆడుతుంది. బయట రాళ్లు పగిలే ఎండ కాస్తున్నా లోపల చల్లగా ఉంటుంది, బీరు పులియడానికి సరిగ్గా అంత చల్లదనం కావాలి. ఆయన నాతో స్నేహం చేసింది ఆ ఏసీ కోసం. ఆ సంగతి దాచుకోలేదు కూడా.

మొదటిసారి ఆయన ఆ గదిలోకి వచ్చిన రోజు మేం సొంతంగా ఒక డబ్బా పులియబెట్టి పెట్టుకున్నాం. సూపర్ మార్కెట్లో దొరికే మత్తులేని మాల్ట్ డ్రింకు కొని, చక్కెర పోసి, రొట్టెల ఈస్టు చల్లి, మూత బిగించేశాం. ఆయన వాసన చూశాడు. వేలు ముంచి నాలిక మీద రాసుకుని ఉమ్మాడు. తర్వాత ఎవర్నీ అడక్కుండా ఆ ఇరవై లీటర్లూ మోరీలో వంపేశాడు. వారమంతా దాని మీదే ఆశ పెట్టుకున్న పదిమంది నోరెళ్లబెట్టి చూస్తున్నారు.

"గిది తాగితె కడుపుల పురుగులు గూడ సస్తయి. వచ్చే వారం సంది నా తీరుగ" అన్నాడు.

ఆయన తీరు అంటే గింజ దగ్గర్నుంచి మొదలు. ఉమ్ సలాల్‌లో ఒక తోటలో కడప వైపు అతను గొర్రెలు కాస్తాడు. గొర్రెల దాణాకు బార్లీ మూటలు వస్తాయి. అందులోంచి ఒక సంచీ మా కంపెనీ బస్సులో చేరేది. ఆయన గింజల్ని పళ్లెంలో పోసి ఒక్కొక్కటీ చూసేవాడు. ఎర్రరంగు పూసిన గింజ కనిపిస్తే సంచీ మొత్తం వెనక్కే. అది విత్తనానికని మందు పట్టించిన గింజ, గొర్రెకు కూడా పెట్టరు. మంచి గింజను రెండు రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, తడి తువ్వాల మీద పరిచి, మొలక గింజంత పొడుగు కాగానే క్యాంపు మిద్దె మీద ఆరబెట్టేవాడు. ఎండిన మొలకల్ని అరచేతుల మధ్య నలిపి రాల్చి, పెనం మీద వాసన వచ్చేదాకా వేయించి, మిక్సీలో పట్టేవాడు.

"రవ్వ గావాలె. పిండి జేసినవనుకో, వడగట్టెతందుకు మీ అవ్వను పిలిపియ్యాలె."

ఆ రవ్వ ఉడికేదే ఈ కుక్కర్‌లో. వండే మీట కాదు, అన్నం వెచ్చగా ఉంచే మీట. మరిగితే గింజలోని పిండి తీపిగా మారదని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. థర్మామీటరు తెచ్చిస్తానన్నాను. నా వేలు పట్టుకుని నీళ్లలో ముంచాడు. నేను అరిచాను. "అరిసినవు గద, మంట సరిపోయింది. రెండు లెక్కవెట్టెలోపట వేలు గుంజుకోవాలె. ఒకటికే గుంజుకుంటె ఎక్కువైనట్టు. మూడుదాంక ఓర్చుకుంటె తక్కువైనట్టు" అన్నాడు. ఆ వేలు రెండు రోజులు ఎర్రగా ఉంది. ఆయన వేలు ఆయనకు ఉండగా నా వేలు ఎందుకని అడిగితే, "నా తోలు మందం, లెక్క తప్పుతది" అన్నాడు.

గంటన్నర తర్వాత తీపెక్కిన ఆ నీళ్లు వడగట్టి, ఇంటి నుంచి వచ్చిన కాకరకాయ వరుగులు గుప్పెడు వేసి మరిగించేవాడు, చేదు కోసం. గిన్నెను ఐసునీళ్ల తొట్టిలో పెట్టి గబగబా చల్లార్చేవాడు. ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని, వేడీ చలువా ఏదీ తెలియనప్పుడు మాత్రమే ఈస్టు కలిపేవాడు. డబ్బా మూతకు చిల్లి పెట్టి, చేపల తొట్టికి వాడే సన్నటి గొట్టం దూర్చి, రెండో కొస నీళ్లసీసాలో ముంచేవాడు. లోపలి గాలి బుడగలై బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఆ బుడగల ముందు గొంతుక్కూర్చుని లెక్కపెట్టేవాడు. నిమిషానికి ఒక్కటి కూడా రానప్పుడు సీసాలకు ఎక్కించేవాడు. అడుగున పేరుకున్న మడ్డి కదిలిందా, గొట్టం పట్టుకున్నవాడి నెత్తి మీద మొట్టికాయ పడేది. సీసాకు ఒక చెంచా చక్కెర, పైన నాలుగు వేళ్లు ఖాళీ. ప్లాస్టిక్ సీసాలే వాడేవాడు. రోజూ ఒక్కో సీసా నొక్కి చూసి, రాయిలా గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టేవాడు.

మూతల పిచ్చి ఒకటుండేది. తన బీరు సీసాలు తప్ప ఎక్కడ బిగించిన మూత కనిపించినా పావు తిప్పు వెనక్కి తిప్పేవాడు. పచ్చడి సీసా, నూనె డబ్బా, పక్కవాడి మంచినీళ్ల సీసా, ఏదయినా సరే. కల్లు కుండకు మూత బిగించకూడదు, పగులుతుంది. ఆ భయం వేళ్లలోకి దిగిపోయింది. ఆయన కూర్చుని లేచిన బల్ల మీద ఏ సీసా ఎత్తినా మూత ఊడి చేతికొచ్చేది, మనం ఒళ్లంతా పోసుకునేవాళ్లం. ఆయన నవ్వేవాడు.

ఇంతా చేసి తాగేవాడు కాదు.

మొదటి సీసా ఎప్పుడూ ఆకుపచ్చ మూతది, ఆయనే తెరిచేవాడు. ఒక్క పుక్కిలి నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, బుగ్గలు అటూ ఇటూ ఆడించి, తొట్టిలో ఉమ్మేవాడు. నోరు నీళ్లతో కడుక్కుని "ఊఁ, తాగుండ్రి" అనేవాడు. మేం తాగుతుంటే ఒక మూల కూర్చుని పల్లీలు నమిలేవాడు. ఏం అన్నా, ఒక్క గుటక వేస్తే ఏమవుతుందని అడిగినవాణ్ణి ఆ వారం పక్కన కూర్చోనిచ్చేవాడు కాదు.

ఆయన పెట్టిన చట్టం ఒకటే. చెడగొట్టినవాడే తాగాలి. కరీంనగర్ కార్పెంటర్ ఒకతను వాసన చూద్దామని నాలుగో రోజు మూత తీశాడు. డబ్బా మొత్తం పులిసి వెనిగర్‌లా తయారైంది. శుక్రవారం అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి ఆయన అతనిచేత రెండు గ్లాసులు తాగించాడు. రెండో గ్లాసు సగంలో అతను కక్కుకున్నాడు. మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

నెల తిరక్కుండా నా వంతు వచ్చింది. డబ్బా బాగా మెరవాలని నిమ్మకాయ వాసన సబ్బునీళ్లతో తోమాను. నాలుగుసార్లు కడిగినా గోడకు పట్టిన సబ్బు పోలేదు. బీరు మీద నురగ నిలవలేదు, గ్లాసులో పోస్తే గిన్నెలు తోమిన నీళ్ల వాసన. ఆయన పుక్కిలించి ఉమ్మి నా వైపు చూశాడు. "ఆంధ్రా, ఇటు రా" అన్నాడు. నేను చదువుకున్నవాణ్ణి, ఈ గది నాది, ఈ ఏసీ నాది, నన్ను వదిలేస్తాడనుకున్నాను. మూడు గ్లాసులు తాగించాడు. నా నోటి చివర సబ్బు బుడగ ఒకటి వచ్చిందని ఎవరో అరిచారు. మర్నాటి నుంచి నేను సబ్బుని. సబ్బూ, తాళం తియ్యి. సబ్బూ, హెల్మెట్ ఇయ్యి. నేపాలీలు, బంగ్లావాళ్లు కూడా అదే నా పేరనుకుని సబ్బూ భాయ్ అన్నారు. ఇంటి దగ్గర నన్ను గారూ అంటారు. ఇంత చిన్న సంగతికేనా అని మీకు అనిపించవచ్చు. అవును, ఇంత చిన్న సంగతికే.

చలికాలంలో ఒక మధ్యాహ్నం మిద్దె మీద బార్లీ తిరగేస్తూ ఆయన తన సంగతి నాకు చెప్పాడు. ఎందుకు చెప్పాడో తెలియదు. ఆ పూట గాలి మంచిగా వీస్తోంది, మేం ఇద్దరమే ఉన్నాం.

"అన్నా, మీరెందుకు గుటక వెయ్యరు?" అని అడిగాను.

"మా ఊర్ల కల్లంటె చెట్టు కల్లనుకున్నవా? చెట్టు కల్లు నలుగురికి సాలదు. నీళ్లు, సాక్రిన్, తెల్ల పొడి. గా పొడి నేనే కలిపిన, ఆరేండ్లు. ఎక్కువైతె మనిషి సస్తడు, తక్కువైతె రేపు రాడు. గందుకని కలిపినోడె ముందుగాల తాగి చూడాలె."

బార్లీని వేళ్లతో పాయలు తీస్తున్నాడు. నా వైపు చూడలేదు.

"ఒకపారి నాలుగొద్దులు దుకాణం బందువెట్టిన్రు. నా పెండ్లాం నాకు ఎవరో తెల్వలే. పీట తీస్కొని కొట్టిన. మంచానికి కట్టేసిన్రు. గా నాలుగొద్దుల ఏం జేసిన్నో నాకు ఎర్క లేదు, గామె నడుము ఇప్పటికి వంగది. గందుకె ఈడికొచ్చిన. ఈడ దొరకదు గద. మల్ల గది ఒక్కపారి నోట్లెకెల్లి లోపటికి దిగితె నేను మిగల, సబ్బూ."

అంత చెప్పి కూడా చివర్న సబ్బూ అన్నాడు. మిగతాదంతా విన్నాను గాని, నాకు మనసులో గుచ్చుకున్నది ఆ ఒక్కమాటే. నేనెంతటివాణ్ణో దీన్నిబట్టే తెలుస్తుంది.

కొన్నాళ్లకు సాయిలు అని కడ్డీలు వంచే పనివాడు సెలవు మీద ఊరికి వెళ్లి వచ్చాడు. కారప్పొడి డబ్బాలో దాచి నిద్రమాత్రల అట్టలు తెచ్చుకున్నాడు. అతనికీ ఊరి కల్లు అలవాటే, ఆ కల్లులో కలిపే తెల్ల పొడి ఈ మందే. మా బీరు తాగితే ఏమీ ఎక్కడం లేదని గొణిగేవాడు. రూముల చెకింగ్ ఉందని ఎవరో అనేసరికి భయపడి ఆ అట్టలు నా దగ్గర దాచమన్నాడు. నేను జిగురు డబ్బాల వెనక పెట్టాను. తర్వాత అతన్ని వేరే సైటుకు మార్చారు, అట్టలు నా దగ్గరే ఉండిపోయాయి.

సీసాలకు ఎక్కించే రోజున చక్కెర వేసే పని నాది. ఆకుపచ్చ మూత సీసాలో చక్కెరతోపాటు నాలుగు మాత్రలు పొడి చేసి వేశాను. ఆయన నోట్లో పోసుకుంటాడు, గుర్తుపడతాడు, మొహం పాలిపోతుంది, గబుక్కున ఉమ్మేస్తాడు. పదిమంది ముందు ఆయన భయపడటం చూడాలి, నాకు కావలసింది అంతే. ఇది నేను నాకు ఇన్నాళ్లూ చెప్పుకుంటున్న మాట. మింగితే మిగలనని చెప్పిన మనిషి నోటికి దాన్ని అందించాక నాకు ఇంకేం కావాలో ఎవరికైనా తెలుస్తుంది.

శుక్రవారం ఆయన మూత తీశాడు. పుక్కిలి పట్టాడు. బుగ్గలు ఒక్కసారి ఆడి ఆగిపోయాయి. తొట్టి మీదికి వంగాడు. నేను గ్లాసు పట్టుకుని చూస్తున్నాను. వంగినవాడు అలాగే ఉండిపోయాడు, చాలాసేపు. తర్వాత గొంతు కదిలింది.

గుటక వేశాడు. నిటారుగా నిలబడి సీసా ఎత్తి మిగతాది కూడా తాగాడు. ఎక్కడా ఆగలేదు. ఇవాళ అన్న తాగాడురో అని మావాళ్లు ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఆయన ఖాళీ సీసాకు మూత పెట్టి, పావు తిప్పు వెనక్కి తిప్పి, నా పక్కనుంచి పోతూ మెల్లిగా అడిగాడు.

"ఏ చేత్తోని కలిపినవ్?"

నేను గ్లాసు కడగడానికి తొట్టివైపు తిరిగాను. తిడతాడని, కొడతాడని వారమంతా కాచుకున్నాను. తర్వాతి శుక్రవారం అందరికంటే ముందు ఒక్కడే వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"ఇంక ఉన్నయా?" అన్నాడు.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం దాచను. పెళ్లినాడు కూడా అంత సంతోషం లేదు. ఆ రోజు నుంచి ఆయన్ని మీరు అనడం మానేశాను.

మొదట వారానికొకటి ఇచ్చాను, తర్వాత రోజుకొకటి, తర్వాత రోజుకు రెండు. ఆయన అడిగినప్పుడల్లా కాదు, నాకు తోచినప్పుడు. అయిపోయాయని చెప్పి ఒక్కోరోజు వెనక్కి పంపేవాణ్ణి. చెమటలు పట్టి, చేతులు వణుకుతూ మళ్లీ వచ్చేవాడు. సార్ అంటేనే తాళం తీస్తానన్నాను. అన్నాడు. అందరి ముందూ అనమన్నాను. మెస్సులో పళ్లెం పట్టుకుని వరసలో నిలబడి, "స్టోర్ సార్, నమస్తె" అన్నాడు. ఆ పూటతో నన్ను సబ్బు అనేవాళ్లు తగ్గారు.

ఒకరోజు మరీ దారుణంగా వణుకుతున్నాడు. నేను మాత్ర అరచేతిలో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను.

"నీ రూల్సు చెప్పు. మొత్తం చెప్పు, అప్పుడిస్తాను."

"ఏం రూల్సు, సార్?"

"బీరు రూల్సు. మొదటిదేంటి?"

"సబ్బు... సబ్బు ముట్టొద్దు."

"గట్టిగా."

"సబ్బు ముట్టొద్దు. ఉడుకు నీళ్లు. రంగు గింజ ముట్టొద్దు. రవ్వ గావాలె, పిండి గావద్దు. రెండు లెక్కవెట్టెలోపట వేలు గుంజుకోవాలె. మూత బిగియ్యొద్దు..."

"తర్వాత?"

"యాదికొస్తలేదు సార్."

"చెడగొట్టినవాడు ఏం చెయ్యాలి?"

కళ్లు ఎత్తి నన్ను చూశాడు. నోరు తడారిపోయి పెదాలు అంటుకుంటున్నాయి. "చెడగొట్టినోడె తాగాలె" అన్నాడు. నేను మాత్ర ఇచ్చాను. అరచెయ్యి నాకినట్టుగా తీసుకున్నాడు. ఆ మాట ఆయన ఎవరి గురించి అన్నాడో ఆ పూట నేను ఆలోచించలేదు.

ఆ తర్వాత బీరు కుదరలేదు. మడ్డి కదిలిపోయేది, చక్కెర లెక్క తప్పేది, రెండు సీసాలు పగిలాయి. ఆయన బుడగలు లెక్కపెట్టడం మానేశాడు. డ్యూటీలో మూడో అంతస్తు ఎత్తున బెల్టు కొక్కెం తగిలించుకోకుండా నిలబడి ఉంటే సేఫ్టీ ఆఫీసరు చూశాడు. కిందికి దింపి చేతులు చాపమన్నాడు. ఆ చేతుల వణుకు దూరం నుంచి నాకే కనిపించింది. పదిహేను రోజులు ఊడ్చే పనిలో పెట్టి, ఆ తర్వాత పనికి పనికిరాడని రాసి వీసా క్యాన్సిల్ చేశారు.

ఎయిర్‌పోర్టు బస్సు వచ్చిన రోజు ఆయన స్టోర్‌కి వచ్చి కుక్కర్ నా బల్ల మీద పెట్టాడు. మాత్ర అడుగుతాడనుకున్నాను. అరబ్బు మాటలో మాఫీ, అంటే లేవు అని చెప్పడానికి నోరు తెరిచి సిద్ధంగా ఉన్నాను. ఆయన అడగలేదు. బల్ల మీద ఉన్న నా నీళ్లసీసా మూతను పావు తిప్పు వెనక్కి తిప్పాడు.

"దీనికి సబ్బు వెట్టకు" అని వెళ్లిపోయాడు.

నాలుగూ పదికి ఫోన్ మోగింది.

"తమ్మీ, మంచిగున్నవా? తిన్నవా?"

"తిన్నాను వదినా."

"ఆయన నీ ముచ్చట చెప్తుండె. దుబాయ్‌ల స్టోర్ తమ్ముడు ఉన్నడు, సదువుకున్నోడని." వాళ్ల వైపు ఏ అరబ్బు దేశమైనా దుబాయే. "పిట్ట ముట్టలే తమ్మీ. మూడొద్దులకు పెట్టినం, ముట్టలే. ఐదొద్దులకు పెట్టినం, ముట్టలే. రేపు పదకొండొద్దులు."

వాళ్ల వైపు ఈ ఆచారం పట్టింపు ఎక్కువ. పోయినవాడికి ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే పోయినవాడికి ఏదో కొరత మిగిలిందని లెక్క. అప్పుడు ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే విస్తరి ముందు నిలబడి, నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ మాట నిలబెడతాం అని చెప్పి దండం పెడతారు. ఆయన మనసులో ఉన్న మాట ఎవరి నోట వస్తే అప్పుడు కాకి దిగుతుందంటారు.

"అందరు అన్ని చెప్పిన్రు. ఆయన కొరతేందో నాకొక్కదానికె ఎర్క. ఆడికెల్లి వచ్చినోడు వచ్చినట్టె కల్లు దుకాణంల వడ్డడు. మానిన అని పోయినోడివి, మల్ల ఎందుకు మొదలువెట్టినవని అడిగిన. నా చేత్తోని నేను కలుపుకోలే, ఆడ ఒకడు కలిపిండు అన్నడు. పిల్లల నెత్తి మీద చెయ్యివెట్టి చెప్పిండు. ఎవడు కలిపిండో పేరు చెప్పుమన్న, నమ్ముత అన్న. పేరు చెప్పకపాయె. ఏడాదిన్నర ఆయనతోని మాట్లాడలే తమ్మీ. కుక్కకు వెట్టినట్టు గడప కాడ గిన్నెల వెట్టిన. దుకాణం బందయినంక నాలుగొద్దులు పిచ్చిలేసినట్టు తిరిగి, పొలం గట్టు మీద వడి పోయిండు. ఇంట్లకు రానియ్యలే నేను."

నేను ఊఁ కొడుతున్నాను. పేరు ఎందుకు చెప్పలేదో అర్థం కాలేదు. జాలిపడి ఉండడు, జాలిపడే మనిషి కాదు. నా పేరు నోట్లో పెట్టుకోవడం కూడా అసహ్యమనిపించి ఉంటుంది.

"నువ్వు దగ్గరున్నోనివి. ఒక్క మాట చెప్పు. ఆయన చెప్పింది నిజమా? నిజమైతె రేపు విస్తరి ముందట నిలవడి, నువ్వు అబద్ధమాడలే, నాదే తప్పు అని దండం వెడ్త. పిట్ట ముడ్తది. నాకు తెలుసు, ముడ్తది."

నిజం చెబితే నాకేమీ కాదు. ఆవిడ పోలీసుల దగ్గరికి పోదు, కంపెనీకి రాయదు. పేరు కూడా అడగలేదు, అవును అంటే చాలు. కాని ఆవిడ ఆ మాట వాడలో చెబుతుంది, సాయంత్రానికి అది గ్రూపులోకి వస్తుంది, పదిమందీ చక్కెర వేసింది ఎవరో గుర్తు చేసుకుంటారు. అప్పుడు నాకు ఇంకో పేరు వస్తుంది. నేను భయపడింది అంతమాత్రానికే.

"ఆయనే కలుపుకున్నాడు వదినా," అన్నాను. "నేను కళ్లారా చూశాను. ఎంత చెప్పినా వినలేదు."

అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు.

"గట్లనా" అంది. "నువ్వెందుకు అబద్ధం చెప్తవ్ తమ్మీ. మంచిది. మరి పిట్టకు ఏం చెప్పాల్నో నాకు తెల్వది. కూర ఇంక జెర ఎక్కువ వెడ్త. పైలంగుండు."

ఫోన్ పెట్టేసింది. నేను లేచి కుక్కర్ గిన్నె తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లాను. నిమ్మకాయ వాసన సబ్బు పెట్టి, పీచుతో గీతలు పడేదాకా తోమాను.